ఖర్చు కింద రాసిన మనిషి

నవోమికి కోపం తెప్పించడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు. ఆటో అతను మీటరు వెయ్యనంటే కోపం, మెట్రో స్టేషన్లో లిఫ్టు దగ్గర వరస తప్పి ఎవరైనా దూరితే కోపం, చర్చిలో ప్రార్థన మధ్య ఫోను మోగితే ఆ ఫోను పాస్టరుగారి బావమరిదిదైనా సరే కోపం. ఇవన్నీ పూటకోసారి వచ్చి పోయే కోపాలు. ఒక్క కోపం మాత్రం ఏడాదిగా ఆమెను వదల్లేదు. అది మనిషి మీద కూడా కాదు, ఒక ఇంగ్లీషు మాట మీద. ఓవర్‌హెడ్ అనే మాట మీద.

ఆ మాటకు అర్థం తెలియనివాళ్లు అదృష్టవంతులు. సేవా సంస్థకు చందాగా వచ్చిన డబ్బులో నేరుగా పేదవాడి చేతికి పోకుండా, సంస్థ నడవడానికి అయ్యే ఖర్చును అలా అంటారు. ఆఫీసు అద్దె ఓవర్‌హెడ్. కరెంటు బిల్లు ఓవర్‌హెడ్. మంచినీళ్ల క్యాను ఓవర్‌హెడ్. ఒకరోజు పొద్దున స్వరవాహిని ట్రస్టు మీటింగులో తెర మీద పడ్డ లెక్క ప్రకారం నవోమి కూడా ఓవర్‌హెడ్. ఏళ్ల తరబడి ఎండనక వాననక తిరిగిన తను నీళ్ల క్యానుకూ కరెంటు బిల్లుకూ మధ్య వరసలో ఉండడం చూసేసరికి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ట్రస్టు ఆఫీసు మైత్రీవనం వెనక సందులో ఉంది. కింద జిరాక్సు షాపు, దాని మీద కోచింగ్ సెంటరు, ఆ పైన ట్రస్టు. చెవులు సరిగా వినపడని పేద పిల్లలకు అది ఉచితంగా వినికిడి మిషన్లు ఇస్తుంది. పెట్టినాయన కృష్ణమోహన్ గారు. తెనాలి వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, ఆ కోచింగ్ సెంటర్లోనే కంప్యూటరు పాఠాలు చెప్పి నాలుగు డబ్బులు వెనకేసుకున్న మనిషి. ఆయన్ని ఒక దొంగను చేసేస్తే ఈ కథ చెప్పడం చాలా తేలికయ్యేది. కానీ ఆయన ట్రస్టు డబ్బుతో టీ చుక్క తాగడు, ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకుంటాడు. దొంగయితే నవోమి రెండు కేకలేసి ఊరుకునేది. మంచివాడు కాబట్టే ఆయనతో వేగలేకపోయింది.

కేకలంటే గుర్తొచ్చింది, నవోమి మెల్లగా మాట్లాడగా విన్నవాళ్లు లేరు. పుట్టి పెరిగింది ఖైరతాబాద్‌లో, రైల్వే గేటు దగ్గరి సందులో. తండ్రి సాలమన్ రేకుల షెడ్డులో ఇనుప రేకులు సాగగొట్టే పని చేసి చేసి నలభై దాటేసరికి చెవులు పోగొట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఉప్పు అడగాలన్నా అరవాలి, అన్నానికి పిలవాలన్నా అరవాలి. అలా గొంతు పెద్దదైంది. ఇంటరు అయ్యాక పంజాగుట్టలో వినికిడి మిషన్లు అమ్మే ఒక షాపులో కౌంటరు దగ్గర చేరింది. చెవిలో మైనంలాంటి ముద్ద పోసి అచ్చు తీయడం, ఆ అచ్చుతో చెవికి సరిపడే మౌల్డు చేయించి మిషన్‌కు తగిలించడం అక్కడే నేర్చుకుంది. గిడియన్‌ను పెళ్లి చేసుకుంది. అతను ల్యాబులో రక్తం తీస్తాడు, నెమ్మదస్తుడు, ఇంట్లో ఇద్దరూ అరిస్తే బాగుండదని తనే తగ్గుతాడు. కూతురు ఒలీవియా డిగ్రీకొచ్చింది. కూతురు చిన్నపిల్లగా ఉన్నప్పుడే నవోమి షాపు మానేసి ట్రస్టులో చేరింది. కాగితం మీద ఆమె ఫీల్డ్ కోఆర్డినేటరు. నిజానికి ఆమె చేసే పని బీరువాలు తెరిపించడం.

ఇది కొంచెం విడమరిచి చెప్పాలి. ట్రస్టు ఏటా ఖైరతాబాద్‌లో ఒక హాలు తీసుకుని మిషన్లు పంచుతుంది. వేదిక మీద పిల్లలు, కింద కుర్చీల్లో చందాలిచ్చిన పెద్దలు. కృష్ణమోహన్ గారు మైకు పట్టుకుని ఒక్కో మిషన్ ధర ఎంతో చదువుతారు, పెద్దలు చప్పట్లు కొడతారు. తమ డబ్బు ఎక్కడికి పోయిందో వాళ్లకు కళ్లకు కట్టినట్టు కనపడాలి కదా. అయితే ఆ ధర వింటున్నది పెద్దలు మాత్రమే కాదు. వెనక నిలబడ్డ తల్లులూ వింటారు. వాళ్లాయన రెండు నెలలు ఆటో తిప్పినా రాని డబ్బు పిల్లవాడి చెవికి వేలాడుతోందని అప్పుడే తెలుస్తుంది వాళ్లకు. ఇంటికి పోగానే మొదట చేసే పని దాన్ని తీసి, జేబురుమాల్లో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, పుస్తెలతాడు పక్కన బీరువాలో దాచి తాళం వేయడం. మళ్లీ పెళ్లికో పేరంటానికో పట్టీలతోపాటు బయటికి తీసి పెడతారు. పిల్ల ముస్తాబై చెవిటిదిగా కూర్చుంటుంది, ఎందుకంటే ఎప్పుడో పెట్టే మిషన్ చేసే రొదకు అది బెదిరిపోయి ఏడుస్తుంది తప్ప మాట నేర్చుకోదు. మాట పట్టాలంటే పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా మిషన్ చెవిలోనే ఉండాలి.

ధర చదవొద్దు సార్ అని నవోమి ఏటా మొత్తుకునేది. "చదవకపోతే దాతలకు నమ్మకం ఎలా కుదురుతుంది నవోమి గారూ?" అని ఆయన ఏటా అడిగేవాడు. ఆయన నమ్మకం కుదిర్చి పంపిన మిషన్లను బీరువాల్లోంచి పీకే పని ఆమె మీద పడేది.

దానికి ఆమెకో పద్ధతి ఉంది. ముందు ఫోను చెయ్యదు. చేస్తే వాళ్లు మిషన్ తీసి పిల్ల చెవికి పెట్టి కూర్చోబెడతారు. చెప్పకుండా పోయి, గడపలో చెప్పులు విడిచి, మంచినీళ్లడిగి, అద్దె పెంచిన ఇంటి ఓనరును వాళ్లతో కలిసి నాలుగు మాటలని, ఆ తర్వాత మెల్లగా, అంటే ఆమెకు చేతనైనంత మెల్లగా, "మిషన్ ఏది?" అంటుంది. తాళంచెవి చప్పుడు వినపడితే తిట్లు మొదలవుతాయి. తిట్టి, మిషన్ పెట్టి, సెల్లు మార్చి, కుక్కరు కూతకు పిల్ల తల తిప్పేదాకా కూర్చుని, స్టీలు డబ్బాను బీరువాలో కాకుండా టీవీ మీద పెట్టించి లేస్తుంది. పదిహేను రోజులకు మళ్లీ పోతుంది. ఏడాదికి ఆ ఇంట్లో బీరువా అలవాటు పోతుంది. కొన్ని ఇళ్లలో రెండేళ్లు పడుతుంది.

ఎస్.ఆర్. నగర్ వెనక సందులో బుచ్చమ్మ ఇల్లు అలా లొంగిందే. కొడుకు సరుకుల ఆటో నడుపుతాడు, కోడలు ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది, ఇంట్లో బుచ్చమ్మా మనవరాలు అనుపమా. పిల్లకు అప్పటికి మూడేళ్లు నిండాయి. మాట పట్టే వయసు దాటిపోతే తర్వాత ఎంత గొప్ప మిషన్ పెట్టినా లాభం తక్కువని డాక్టరు ముందే చెప్పాడు. బుచ్చమ్మ మొదట్లో నవోమిని పోలీసును చూసినట్టు చూసేది. తర్వాత తర్వాత పిల్లకు మిషన్ పెట్టి, బియ్యం ఏరుతూ, గింజ గింజకూ మాట చెప్పేది. ఒకనాడు నవోమి గుమ్మంలో ఉండగానే అనుపమ చెంబు చూపించి "నీల్లు" అంది. అంతకు ముందు అది "అవ్వ" ఒక్కటే అనేది. నవోమి ఆ రోజు తిట్టడం మర్చిపోయి పిల్లను ఎత్తుకుని ఏడ్చింది. ఇంటికొచ్చి గిడియన్‌కు చెబుతూ ఇంకోసారి ఏడ్చింది.

అట్లాంటి రోజుల్లో కృష్ణమోహన్ గారు బంజారాహిల్స్‌లో ఏదో పెద్ద హోటల్లో సేవా సంస్థల సభకు పోయొచ్చారు. అంతకు కొన్నాళ్ల ముందే ఎక్కడో ఒక సంస్థవాళ్లు చందా డబ్బుతో కార్లు కొన్నారని గొడవ అయింది. దాతలు అందరినీ అనుమానంగా చూస్తున్నారు. ఓవర్‌హెడ్ ఎంత తక్కువుంటే సంస్థ అంత మంచిదని ఆ సభలో ఎవరో చెప్పారు. ఆయన తిరిగొచ్చి మొదట ఒక ఫ్యాను ఆపించారు. తర్వాత నీళ్ల క్యాను మాన్పించారు. ఆ తర్వాత తెర మీద ఆ లెక్క వేశారు.

"మీ మీద నాకు గౌరవం ఉంది నవోమి గారూ," అన్నారాయన, నిజంగానే నొచ్చుకుంటూ. "కానీ ఇకపై ప్రతి రూపాయీ పిల్లలకే అని ప్రకటించబోతున్నాం. మీ ఏడాది జీతంతో ఇంకో పది మంది పిల్లలకు మిషన్లొస్తాయి. మీరే చెప్పండి, పది మంది పిల్లల కంటే మనకు ఏం ఎక్కువ?"

"పది మంది పిల్లలకు కాదు సార్, పది బీరువాలకు," అంది నవోమి.

"ఇచ్చింది వాడుకోవడం తల్లిదండ్రుల బాధ్యత కదండీ."

"బాధ్యత ఉండవట్టే తాళమేస్తుండ్రు సార్. మీరు ధర చెప్పి భయపెట్టిన్రు, నేను పోయి భయం తీస్తున్న. నన్ను తీసేస్తే భయం మిగుల్తది."

ఆయన తన దగ్గరున్న కాగితం తిప్పి చూపించారు. అది నవోమి రాసిచ్చిన రిపోర్టే. కొత్తగా మిషన్లు తీసుకున్నవాళ్లలో సగం ఇళ్లలో వాడట్లేదని ఆమే రాసింది. "ఇది చూసి దాతలు ఏమంటారు? ఇంత జీతమిచ్చి మనిషిని పెట్టుకున్నా సగం మంది వాడట్లేదా అంటారు. పెట్టుకున్న ఫలితం ఏంటని అడిగితే నేనేం చెప్పాలి?" అన్నారు.

పోయి చూసింది కాబట్టే సగం అని తెలిసింది. ఆ సగాన్ని తర్వాత ఒక్కో ఇల్లే తగ్గించుకుంటూ వచ్చేది కూడా తనే. ఇది ఇంత పెద్ద చదువు చదివిన మనిషికి ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు. గొంతు పెంచింది. కింద కోచింగ్ సెంటర్లో పాఠం ఆగిపోయేంతగా పెంచింది. లాభం లేకపోయింది. చర్చిలో చెప్పుకుంటే అక్కడా ఒక పెద్దావిడ, "సేవకు జీతమేందమ్మా, ప్రభువు చూసుకుంటడు," అంది. ఇంటద్దె కూడా ప్రభువే చూసుకుంటే బాగుండునని నవోమి పళ్లు నూరుకుంది.

ఆ నెలాఖరుకు ఉద్యోగం పోయింది. పంజాగుట్ట షాపువాళ్లు పిలిచి మళ్లీ పనిచ్చారు. ట్రస్టు కంటే జీతం ఎక్కువే. అమ్మకాల మీద కమిషను కూడా. విచిత్రమేమిటంటే ఇక్కడ ఆమెను ఎవరూ ఓవర్‌హెడ్ అనలేదు. ఆమె జీతం, ఏసీ ఖర్చు, గుమ్మంలో పూల కుండీతో సహా అన్నీ మిషన్ ధరలోనే కలిసిపోయి ఉన్నాయి. కొనేవాడు కార్డు గీకి నవ్వుతూ పోతున్నాడు. వారం వారం వచ్చి మౌల్డు సరిచేయించుకుని, అందుకే కదా అంత పెట్టి కొన్నామంటున్నాడు. డబ్బున్నవాడి చెవికి మనిషి సాయం కావాలని లోకమంతా ఒప్పుకుంటుంది, పేదపిల్ల చెవికి మాత్రం మిషన్ ఒక్కటీ చాలంటుంది. ఇది తలచుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది.

ట్రస్టులో లెక్కలు రాసే మధులత అప్పుడప్పుడు ఫోను చేసేది. ఆమె జీతమూ ఆఫీసు అద్దే కృష్ణమోహన్ గారు తన జేబులోంచి ఇచ్చుకునేవారు. నవోమి పోయాక ఇళ్ల వాకబు పని మధులత మీదే పడింది. ఆమె కుర్చీలోంచి కదలకుండా ఒక్కొక్కరికీ ఫోను చేసి, పాప మిషన్ వాడుతుందా అని అడిగి, చెప్పింది రాసుకునేది. ఖర్చు లేని పని.

"అందరూ వాడుతున్నమనే చెప్తుండ్రక్కా. ఒక్కరు సుత లేదంటలేరు. వంద శాతం వచ్చింది," అంది ఒకనాడు, తనకే నమ్మకం లేనట్టు. నవోమి ఉన్నప్పుడు సగం, నవోమి పోయాక వంద. ఆ అంకెతో ట్రస్టు కొత్త పుస్తకం అచ్చు వేసింది. అట్ట మీద ప్రతి రూపాయీ పిల్లలకే అని బంగారు రంగు అక్షరాలు.

నవోమికి సెలవు ఆదివారం ఒక్కటే. పొద్దున చర్చి, మధ్యాహ్నం వారానికి సరిపడా ఉతుకులు. అయినా ఆ వంద శాతం మాట విన్న వారం ఉతుకులు మానేసి బుచ్చమ్మ ఇంటికి పోయింది.

అనుపమ గుమ్మంలో కూర్చుని ఉంది. పొడుగైంది. చెవి ఖాళీగా ఉంది. నవోమి వెనక నుంచి పిలిచింది. ఆమె గొంతుకు పక్కింటి వాళ్లు బయటికొచ్చారు గానీ అనుపమ తల తిప్పలేదు. ముందుకొచ్చి నిలబడితే గుర్తుపట్టి నవ్వింది. లోపలికి పరుగెత్తి అవ్వ కొంగు పట్టి లాగింది. నీళ్లు కావాలని చెంబు వైపు వేలు చూపించింది. నోరు తెరవలేదు.

"మిషన్ ఏది బుచ్చమ్మవ్వా?" అంది నవోమి. తన గొంతు అంత సన్నగా రావడం ఆమెకే కొత్తగా అనిపించింది.

బుచ్చమ్మ బీరువా తాళం తీసింది. "అది ఊకె కుయ్ కుయ్ మనవట్టె బిడ్డా. పాడైందనుకున్న. పిల్ల సుత గుంజి పారేస్తుండె. ఇంకింత పాడైతదేమోనని తీసి పెట్టిన."

పాడవలేదు. పిల్ల పెరిగింది, చెవి పెరిగింది, పాత మౌల్డు వదులైంది. వదులైతే మిషన్ కూస్తుంది. ఆరు నెలలకోసారి కొత్త మౌల్డు చేయించాలి, అంతే. అది షాపులో చిటికెలో తేలే విషయం. చూసే మనిషి రావడమే కావాలి.

"మరి ట్రస్టు నుంచి ఫోనొచ్చినప్పుడు కూస్తుందని చెప్పకపోయినవా?"

"వాడుతున్నదా అని అడిగిరి. లేదంటే తీస్కపోయి ఇంకెవరికన్న ఇస్తరు గద. వాడుతున్నదనే చెప్పిన." బుచ్చమ్మ కొంగుతో మిషన్ తుడిచింది. "నువ్వొస్తవు, నీకు చెప్దామని చూసిన. ఇయ్యాల్నొ రేపో అనుకుంట చూస్తనే ఉన్న. నువ్వు రాకపోతివి."

నవోమికి ఎవరిని తిట్టాలో తెలియలేదు. పిల్లకు అయిదో ఏడు నడుస్తోంది. ఉన్న రెండు మాటలూ పోయాయి. మళ్లీ వస్తాయో రావో డాక్టరు కూడా చెప్పలేడు. ఆమె పిల్ల చెవికి అచ్చు తీసి, షాపులో తన లెక్కలో మౌల్డు చేయించి, మరుసటి ఆదివారం తెచ్చి బిగించింది. కూత ఆగింది. చెంబు ఎత్తి "నీళ్లు" అంది నవోమి. పిల్ల శబ్దానికి ఉలిక్కిపడి చూసింది, మాట అనలేదు. ఇంకోసారి అంది. పిల్ల వేలితో చూపించింది. మొదటి నుంచి మొదలుపెట్టాలి. "వచ్చే ఆదివారం వస్త," అని చెప్పి లేచింది.

అక్కడి నుంచి తిన్నగా కృష్ణమోహన్ గారి ఇంటికే పోయింది. ఆయన అంతా విన్నారు. నిజంగా బాధపడ్డారు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మరి అందరూ వాడుతున్నామని చెప్పారు కదండీ," అన్నారు.

"అందరూ భయపడ్డరు సార్. నన్ను మళ్ల తీస్కోండి. ఇప్పుడొచ్చే దానికంటే తక్కువిచ్చినా వస్త."

"పుస్తకం అచ్చయిపోయిందండీ. ప్రతి రూపాయీ పిల్లలకే అని సభలో చెప్పేశాను. ఇప్పుడు ట్రస్టు డబ్బుతో జీతం మొదలుపెడితే మాట తప్పినట్టవుతుంది," అన్నారాయన. తర్వాత ఏదో దారి దొరికినట్టు ఆయన ముఖం వెలిగింది. "ఎలాగూ ఆదివారాలు ఆ పాప దగ్గరికి వెళుతున్నారు కదా. అలాగే మిగతా పిల్లలనీ చూడొచ్చేమో, స్వచ్ఛందంగా."

నవోమి చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. అన్నీ తెలిసిన మనిషి, మనసున్న మనిషి, పిల్ల మాట పోయిందని విని కూడా అచ్చయిన పుస్తకం గురించి ఆలోచించాడు. ఆ కోపంతో పంజాగుట్ట దాకా నడిచింది, బస్సు ఎక్కాలని కూడా తోచలేదు.

రెండు రోజులకు మధులత ఫోను చేసింది. "అక్కా, సార్ మస్తు ఖుష్ ఉన్నరు. నువ్వు వాలంటీరుగ వస్తున్నవని నీ పేరు వచ్చే ఏటి పుస్తకంల వేస్తరట. అందరికీ ఆదర్శమంటుండ్రు."

"నేను వస్తనని ఎవరు చెప్పిండ్రు మధూ?"

మధులత మాట మార్చింది. "ఇంకా చానామంది పిల్లలకు మౌల్డు వదులై ఉంటది గదక్కా. ఎవరెవరి ఇండ్లు దగ్గరనో చూసి పేర్లు పంపన్నా?"

నవోమి షాపు కౌంటరు వెనక నిలబడి ఉంది. ఎదురుగా సోఫాలో ఒక పెద్దాయన తన మిషన్ తుడిపించుకోవడానికి వచ్చి, కాఫీ తాగుతూ, ఆమె కోసం ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు. ఆ పిల్లలు ఆమెకు ముఖాలతో సహా తెలుసు. ఏ పిల్ల ఏ మాట దగ్గర ఆగిందో కూడా తెలుసు.

"పంపకు మధూ," అంది. "నాకున్నది ఆదివారం ఒక్కటి. అది అనుపమకు ఇచ్చిన. మిగతా పేర్లు చూస్తే నేను తట్టుకోలేను."

ఫోను పెట్టేసి, పెద్దాయన చేతిలోంచి మిషన్ అందుకుంది.